జైల్లో ఉన్నవాళ్లు రాసినవి దిద్దాలంటే, అచ్చు వేయించాలంటే ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి

హన్మకొండ టీచరమ్మ:

నమస్తే అందరికీ. 28 ఏళ్లు సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రెండేళ్ల కింద రిటైరయ్యాను. ఉండేది హన్మకొండలో. ఎప్పుడో నా దగ్గర తొమ్మిది, పది చదివిన ఒక పిల్లవాడు (ఇప్పుడు పిల్లవాడేం కాదు, ముప్పై దాటి ఉంటాయి) ఒక కేసులో జైల్లో ఉన్నాడు. కింది కోర్టులో శిక్ష పడింది, హైకోర్టులో అప్పీలు నడుస్తోంది. దసరాకు ముందు వాళ్లమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఒక కవరు చేతిలో పెట్టింది. పదకొండు కాగితాలు, రెండు వైపులా సన్నటి అక్షరాలు, మార్జిన్ కూడా వదల్లేదు. చెరువు కింద భూమి కౌలుకు చేసే ఒక ముసలాయన కథ. "మా టీచర్‌కు చూపించు, బాగుందో లేదో చెప్పమను" అన్నాడట.

మొదటి నాలుగు కాగితాలు మామూలుగానే ఉన్నాయి. ఐదో కాగితం దగ్గర చాయ్ పక్కన పెట్టాను, మళ్లీ ముట్టుకునేసరికి చల్లారిపోయింది. అంతకంటే ఏం చెప్పను.

వాడికి జవాబు రాయాలి, అది సరే. కానీ అక్కడ అలా రాసుకునేవాళ్లు ఇంకా ఉంటారు కదా, నాకూ ఇప్పుడు టైం ఉంది, వాళ్ల రాతలు కూడా చూసి పెట్టొచ్చా? దానికి పర్మిషన్ ఎవరిస్తారు? వాళ్లు రాసింది పత్రికలకు పంపడం చట్టప్రకారం కుదురుతుందా, అప్పీలుకు ఏమైనా దెబ్బ తగులుతుందా? ఇదివరకైతే వరంగల్ సెంట్రల్ జైలు ఆటోలో పది నిమిషాలు, కానీ 2021లో దాన్ని పడగొట్టి ఖైదీలందరినీ వేరే జైళ్లకు పంపేశారు, ఆ జాగాలో పెద్దాసుపత్రి బిల్డింగు లేచింది. వీడు ఉన్నది హైదరాబాద్ వైపు చెర్లపల్లి జైల్లో. నాకు మోకాళ్ల నొప్పులు, వారం వారం పోలేను. ఉత్తరాలతో అయ్యే పనేనా ఇది?

మా ఇంట్లో వాళ్లు మాత్రం "నీకెందుకమ్మా ఈ టెన్షన్" అంటున్నారు.

ఆదివారం వాలంటీర్:

టీచర్ గారూ, నమస్కారం. నేను కరీంనగర్ వైపు మనిషిని, ఒక జైల్లో లైబ్రరీ పనికి రెండేళ్లు వెళ్లాను, కాబట్టి తెలిసినంత చెప్తాను.

మీ విద్యార్థికి ఉత్తరం రాయడానికి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. జైలు అడ్రస్, అతని పేరు, ఖైదీ నంబర్ రాసి పోస్టులో వేయండి. వచ్చే ఉత్తరమైనా పోయే ఉత్తరమైనా అక్కడ ఆఫీసులో విప్పి చదువుతారు, అది గుర్తు పెట్టుకుని రాయండి. చదివి ఇచ్చేసరికి ఒక్కోసారి వారం, ఒక్కోసారి నెల. ఉత్తరాలకు నంబర్లు వేసుకోండి, 1, 2, 3 అని, అప్పుడు మధ్యలో ఒకటి రాకపోతే ఇద్దరికీ తెలుస్తుంది. మీ ఇంటి అడ్రస్ మాత్రం అందరికీ ఇవ్వకండి. ఈ ఒక్క పిల్లవాడు వేరు, మిగతావాళ్లకు హెడ్ పోస్టాఫీసులో పోస్ట్ బాక్స్ తీసుకోండి, లేదా ఏదైనా గ్రంథాలయం అడ్రస్ అడగండి. మీ హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది కదా, 1904 నాటిది, అలాంటి చోట ఒప్పుకుంటే జైలు వాళ్లకు కూడా నమ్మకంగా ఉంటుంది.

ఒక గుంపుకు నేర్పాలంటే మాత్రం అర్జీ కావాలి. సూపరింటెండెంట్ గారి పేర రాయండి, అక్కడి నుంచి అది జైళ్ల శాఖ పై ఆఫీసుకు పోతుంది. ఒంటరిగా అడిగితే నాన్చుతారు. ఏదైనా సంస్థ లెటర్‌హెడ్ మీద అడిగితే ఫైలు కదులుతుంది. ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు, వాళ్ల తరఫున పనిచేసే పారా లీగల్ వాలంటీర్లు ఎలాగూ జైళ్లకు వెళ్తుంటారు, వాళ్లను కూడా ఒకసారి కలవండి. అర్జీలో "సృజనాత్మక రచన", "పరివర్తన" లాంటి పెద్ద మాటలు వద్దు. నెలకు ఎన్నిసార్లు వస్తారు, ఎంతసేపుంటారు, ఏం తెస్తారు, ఇవి రాస్తే చాలు. నేను మొదటిసారి స్పైరల్ నోటుబుక్కులు ఇరవై తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు, లోపల తీగ ఉంటుంది కదా, నాకు తట్టనే లేదు. దారంతో కుట్టినవి తీసుకెళ్లండి.

ఇంకోటి, అక్కడ అందరికీ రాయడం రాదు. తెలంగాణ జైళ్లలో విద్యాదానం అని ఒక కార్యక్రమం నడిచింది, వేలిముద్ర వేసి లోపలికొచ్చినవాడు సంతకం పెట్టి బయటికి పోవాలని దాని ఉద్దేశం, చదువొచ్చిన ఖైదీలే అందులో పంతుళ్లు. అలా అప్పుడప్పుడే అక్షరాలు పట్టుకున్నవాళ్లు కథ రాయలేరు, కానీ చెప్పగలరు. నా దగ్గరికి వచ్చిన వాటిలో అన్నిటికంటే మంచి కథ ఒక గొర్రెల కాపరి చెప్పింది, పక్క బ్యారక్ కుర్రాడు రాసిపెట్టాడు. ఆయనకు ఒగ్గుకథ వినీ వినీ చెవి తయారై ఉంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ లాగాలో నేను నేర్పేదేం లేకపోయింది.

బయటి దేశాల్లో ఇది పెద్ద ఎత్తున చేస్తున్నారు. అమెరికాలో పెన్ అనే రచయితల సంస్థ 1971 నుంచి ఖైదీల రచనల కోసం ఒక విభాగం నడుపుతోంది. ఏటా పోటీ పెడతారు, కొంతమందికి ఒక రచయితను జత చేసి పోస్టులోనే దిద్దిస్తారు. ఇంగ్లండులో ఆర్థర్ కోస్లర్ అనే రచయిత పేర 1962 నుంచి ఇలాంటి పోటీలు ఉన్నాయి. అంటే మీరడిగిన "ఉత్తరాలతో అయ్యే పనేనా" అన్నదానికి, అవుతుంది, యాభై ఏళ్లుగా అవుతోంది. మన దగ్గర తీహార్ మహిళా ఖైదీల కవితలు 2013లో తినకా తినకా తీహార్ పేరుతో హిందీలో పుస్తకంగా వచ్చాయి.

నల్లకోటు:

మేడం, నేను వరంగల్‌లో క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేస్తాను. పై ఆయన చెప్పిందంతా బాగుంది గానీ అసలు ప్రమాదం ఆయన ముట్టుకోలేదు.

అచ్చు వేయించొచ్చా అంటే వేయించొచ్చు. సుప్రీంకోర్టు 1965లోనే తేల్చింది. మహారాష్ట్రలో సంజ్‌గిరి అనే డిటెన్యూ, అంటే విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించిన మనిషి, జైల్లో కూర్చుని మరాఠీలో అణువు గురించి సైన్సు పుస్తకం రాశాడు. రాజకీయం కాదు, ఏం కాదు, అణువు! దాన్ని అచ్చుకోసం భార్యకు పంపుతానంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిర్బంధం ఉత్తర్వులో రాయడం, పంపడం కూడదని ఎక్కడా లేనప్పుడు ఎలా ఆపుతారని కోర్టు అడిగింది. తర్వాత 1994లో తమిళనాడు ఆటో శంకర్ కేసు. అతనిది ఉరిశిక్ష పడ్డ కేసు. జైల్లో రాసుకున్న ఆత్మకథ నక్కీరన్ పత్రికలో వస్తుందంటే అందులో పేర్లున్న అధికారులకు చెమటలు పట్టాయి. అచ్చుకాక ముందే ఆపే అధికారం మీకు లేదు, వచ్చాక పరువు పోయిందనుకుంటే దావా వేసుకోండి అంది కోర్టు. అలాగని జైలు నుంచి ప్రతి కాగితం అడ్డు లేకుండా వచ్చేస్తుందని కాదు, భద్రత పేరు చెప్పి ఆపే అవకాశం వాళ్లకు ఉంటుంది. దొంగచాటుగా మాత్రం తేవద్దు. అతని ములాఖత్‌లు పోవచ్చు, మీ మీద కూడా కేసు పెట్టొచ్చు.

ఇప్పుడు ప్రమాదం. అతనికి అప్పీలు పెండింగులో ఉంది. కేసు గురించి ఒక్క వాక్యం కూడా రాయించకండి. "ఆ రాత్రి నేను అలా చేయకుండా ఉండాల్సింది" అని కథలో పాత్ర అన్నా సరే, అవతలి వైపు లాయరు దాన్ని పట్టుకుని లేస్తాడు. వకీలుకు క్లయింట్ చెప్పింది బయటపెట్టక్కర్లేదని చట్టం రక్షణ ఇస్తుంది. టీచర్‌కు ఆ రక్షణ లేదు. మీకు రాసిన ఉత్తరం కోర్టుకు రావచ్చు, మిమ్మల్నే సాక్షిగా పిలవచ్చు. పైగా ఆ ఉత్తరాన్ని ముందే జైలు ఆఫీసులో ఒకరు చదివి ఉంటారు. మీరు తర్వాత వేరేవాళ్లవీ చూస్తారు కాబట్టి ఇంకో మాట: 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో 75.8 శాతం విచారణ ఖైదీలే. అంటే మీకు రాసే నలుగురిలో ముగ్గురికి కేసు ఇంకా తేలలేదు. మీ మొదటి ఉత్తరంలోనే "కేసు తప్ప ఏదైనా రాయి" అని పెట్టండి.

అత్యాచారం కేసుల్లో బాధితురాలు ఎవరో తెలిసేలా రాసి అచ్చేస్తే అది వేరే నేరం, రాసినవాడితో పాటు వేసినవాళ్లకు కూడా. పేరు మార్చాం కదా అంటే సరిపోదు, ఊరు, చుట్టరికం చెప్పినా తెలిసిపోతుంది.

కాపీరైటు అతనిదే. జైల్లో ఉన్నంత మాత్రాన పోదు. రెమ్యునరేషన్ వస్తే జైల్లో అతని సొంత డబ్బు ఖాతాకో, వాళ్లమ్మ ఖాతాకో పంపించండి, మీ ఖాతాలోకి మాత్రం రానివ్వకండి.

లోపలి మనిషి:

టీచరమ్మా, నేను ఏడేళ్లు లోపలున్నాను. ఏ జైలు, ఏ కేసు అని అడగొద్దు. ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో చిన్న వెల్డింగ్ షాపు నడుపుకుంటున్నా.

నేనూ రాసేవాణ్ని. ఒక సారు, మీలాగే రిటైరైన సారు, వస్తుండే. మంచాయన. మొదటిసారి నేను ఆరు పేజీలు రాసిస్తే రెండు వారాల తర్వాత తెచ్చిచ్చిండు, పేజీ నిండా ఎర్ర సిరా. ఒత్తులు, దీర్ఘాలు, "వచ్చిండు" కొట్టేసి "వచ్చాడు". తప్పులే దిద్దిండు పాపం, కోపంతో కాదు. కానీ నేను మూడు నెలలు పెన్ను ముట్టలే. నాకు అర్థమైందేందంటే మా అవ్వ మాట్లాడినట్టు రాస్తే అది తప్పు. తర్వాత పుస్తకం భాషలో రాద్దామని కూర్చుంటే మా అవ్వ రాలే, ఎవరో టీవీలో వార్తలు చదివే ఆమె వచ్చింది.

మీరు అట్ల చేయకండి. ముందు ఏది నచ్చిందో ఆ లైన్ కిందనే గీత గీయండి, నల్ల పెన్నుతో. ఒక ప్రశ్న అడగండి, ఒక్కటే. "ఆ ముసలాయన చెప్పులు ఎట్లా ఉండేవి" అని అడిగితే మనిషి రెండు రోజులు అదే ఆలోచిస్తడు. లోపల ఆలోచించడానికి ఏదో ఒకటి దొరకడం అంటే ఏందో బయటోళ్లకు తెల్వదు. పొద్దున మనుషుల లెక్క, పని, అన్నం, మళ్లీ లెక్క, సాయంత్రం ఆరుకు తాళం. ఆ చెప్పులే నా దగ్గర ఉన్న పని.

ఇంకోటి గట్టిగా చెప్తున్నా, ఏమనుకోవద్దు. నెలకో ఉత్తరం అని చెప్తే నెలకో ఉత్తరమే రాయండి. రాయలేకపోతే ముందే మూడు నెలలకు ఒకటి అని చెప్పండి. మా సారుకు ఆరోగ్యం బాగలేక రావడం మానేసిండు, అది మాకు ఎవరూ చెప్పలే. మేం నలుగురం మా రాతలు బాగలేకనే సారు వస్తలేడని అనుకున్నం. ఒకతను నోటుబుక్కు చింపేసిండు. సారుకు ఇప్పటికీ ఆ సంగతి తెల్వదు.

కాగితాలకు జిరాక్స్ తీసి ఒరిజినల్ వాళ్లమ్మ దగ్గర పెట్టించండి. నాదొక నోటు, సగం నవల అనుకోండి, ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మార్చినప్పుడు సంచిలో పెట్టిన, దిగినప్పుడు సంచిలో లేదు. అడిగితే ఎవరిని అడగాలె?

పేరు వద్దు:

చదివాను అంతా. నేను చెప్పేది ఎవరికీ నచ్చకపోవచ్చు.

మా అన్నను చంపారు, తొమ్మిదేళ్లయింది. భూమి గొడవ. చంపినవాళ్లలో ఒకతను లోపల డిగ్రీ పూర్తి చేశాడని పేపర్లో ఫోటోతో వచ్చింది, చుట్టూ అధికారులు నవ్వుతూ. మా వదిన ఆ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది, చింపలేదు, పారేయలేదు, ఎందుకో ఇప్పటికీ అడగలేదు నేను. ఆమెకు ఎవరూ నోటుబుక్కు ఇవ్వలేదు. ఎవరూ వచ్చి నీకు ఏం చెప్పాలనుంది అని అడగలేదు. ఆమె కూడా టెన్త్ పాసే.

రాయొద్దని అనడం లేదు. రాసుకోనివ్వండి. అచ్చు వేసేటప్పుడు మాత్రం అదే మండలంలో అవతలి ఇల్లు ఒకటి ఉంటుందని గుర్తు పెట్టుకోండి. అదీ ఆ పేపరే కొంటుంది.

హన్మకొండ టీచరమ్మ:

అందరికీ దండాలు. రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను.

పేరు వద్దన్న తల్లీ (తమ్ముడో చెల్లెలో తెలియదు, క్షమించాలి), మీరు చెప్పింది నేను ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు. వాడి కథ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను గానీ వాడు ఏ కేసులో లోపలున్నాడో వాళ్లమ్మను అడగడానికి నోరు రాలేదు, అంటే తెలుసుకోవడం ఇష్టం లేకనే కదా. నిన్న అడిగాను. చెప్పింది. ఇక్కడ రాయను. అవతలి కుటుంబం హన్మకొండకు దూరమేమీ కాదు. ఎప్పటికైనా అచ్చయితే వాడి అసలు పేరు, ఊరు లేకుండానే, అదీ ఇదేదో త్యాగం చేసినట్టు ఫోటోలు, సభలు లేకుండా. మీ వదిన గారికి రాయాలనిపిస్తే, ఆమెకు ఇష్టమైతేనే, నేను చదువుతాను. ఖైదీల పనిలో భాగంగా కాదు, విడిగా.

లోపలి మనిషి గారూ, మీ ఎర్ర సిరా మాటకు నాకు సిగ్గేసింది. పదకొండు కాగితాల మీద నేనప్పటికే పెన్సిల్‌తో దిద్దడం మొదలుపెట్టాను, "పోయిండు" దగ్గర కూడా. చెరిపేశాను. పెన్సిలే కాబట్టి సరిపోయింది.

ఒక సందేహం. కథ పత్రికకు పంపేటప్పుడు జైలు నుంచి వచ్చిందని చెప్పాలా? చెప్తే జాలితో వేస్తారేమో, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుందేమో.

చిన్న పత్రిక:

ఈ ప్రశ్నకు నేను చెప్పగలను, ఒక చిన్న పత్రికకు కథలు చూసే పని చేశాను కాబట్టి.

ఎడిటర్‌కు చెప్పండి, పాఠకుడికి చెప్పక్కర్లేదు. ఎడిటర్‌కు ఎందుకంటే ప్రూఫ్ పంపితే తిరిగి రావడానికి నెలన్నర పడుతుంది, ఫోన్లో దొరకడు, ఆ సంగతి ముందే తెలియాలి. పాఠకుడికి చెప్తే మీరన్నట్టే అవుతుంది, కథ పక్కన పెట్టి మనిషిని చదువుతారు. కలం పేరు పెట్టుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. కథను తెలుగులో టైపు చేయించి పంపండి, చేతిరాత ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు, ఇది కటువుగా ఉన్నా నిజం. ఒకే కథ ఒకేసారి నాలుగు పత్రికలకు పంపకండి. జైల్లో ఉన్నవాడికి "మా కథ వేరేచోట వచ్చింది, తీసేయండి" అని ఫోన్ చేసే వీలుండదు, మధ్యలో మాట పోయేది మీదే. పుస్తకమైతే తొందరపడొద్దు. పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం, దానికి డబ్బులడిగేవాళ్లను నమ్మకండి. ఐదారు కథలు పత్రికల్లో వచ్చాక చూద్దాం.

తిరస్కరించిన ఉత్తరం కూడా అతనికి పంపండి. దాచకండి. బయట రాసేవాళ్లందరికీ అవి వస్తాయి, అతనికి రాకపోతే అతన్ని వేరేగా చూసినట్టే.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. మన దగ్గర జైలు రాతలంటే దాశరథి గారు నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాయడమే అందరూ చెప్తారు. అది గొప్పదే. నాకు మాత్రం ఆయనతో పాటు అక్కడే ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి గారే దగ్గర. ఆయన జైలు లోపల అని కథలు రాశారు, అందులో నాయకులు కాదు, మామూలు ఖైదీలు ఉంటారు, దొంగతనాలకు, కొట్లాటలకు వచ్చినవాళ్లు. వాళ్లు చెప్తుంటే పక్కన కూర్చుని విన్న మనిషి రాసినవి అని చదివితే తెలిసిపోతుంది. మీ విద్యార్థికి పుస్తకం ఏదైనా పంపాలనుకుంటే అది పంపండి. పుస్తకాలు లోపలికి రానిస్తారో లేదో ముందు ఆఫీసులో అడగండి.

ఆదివారం వాలంటీర్:

పుస్తకం మీద చేత్తో ఏమీ రాయకండి, ఆశీస్సులు కూడా. రాత ఉంటే దాన్ని ఉత్తరం కింద లెక్కేసి మళ్లీ చెకింగ్‌కు పంపుతారు, ఇంకో పదిహేను రోజులు. నేను చూసినంతలో కొత్త పుస్తకం, లోపల బిల్లు పెట్టి పంపితే తొందరగా పోయింది.

మోకాళ్ల సంగతి చెప్పారు కదా, 2025 జనవరి నుంచి చెర్లపల్లిలో కొత్త టెర్మినల్ స్టేషన్ తెరిచారు, కాజీపేట నుంచి వచ్చే కొన్ని బండ్లు అక్కడ ఆగుతాయి. సికింద్రాబాద్ దాకా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు. స్టేషన్ నుంచి జైలుకు ఆటో పట్టుకోవాలి. మూడు నెలలకు ఒకసారైనా మనిషి కనిపిస్తే ఉత్తరాలకు బలం వస్తుంది.

హన్మకొండ టీచరమ్మ:

ఒకటో నంబరు ఉత్తరం ఇవాళ సుబేదారి పోస్టాఫీసులో వేశాను. రెండు పేజీలు. కేసు గురించి రాయొద్దని పైనే పెట్టాను, రెండు నెలలకు ఒక ఉత్తరం రాస్తానని కూడా. నెలకొకటి అని రాసి కొట్టేశాను, నా వల్ల కాదు. ఐదో కాగితంలో నచ్చిన నాలుగు లైన్లు తిరిగి రాసి, ఎందుకు నచ్చాయో చెప్పాను. ఒక్క ప్రశ్నే అడిగాను. ఆ ముసలాయన కౌలు డబ్బులు ఎక్కడ దాచేవాడు అని.

వాళ్లమ్మ జిరాక్స్ కాగితాలు తీసుకుని, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచండి టీచరమ్మా, మా ఇల్లు వానకు కారుతుంది అంది.

లోపలి మనిషి:

కౌలు డబ్బులు. మంచి ప్రశ్న. జవాబొస్తే ఇక్కడ చెప్పండి, నాక్కూడా తెలుసుకోవాలనుంది.